సిలువ దిమ్మకు తూర్పున

ట్రెవెనిక్‌లో ఎవరు పోయినా శవపేటికను మూడు మైళ్లు దిగువన ఉన్న లాన్‌గరిక్ చర్చికి మోసుకెళ్లాల్సిందే. మా కార్న్‌వాల్ మెట్ట మీద భుజాన మోసే అలవాటు లేదు. పెట్టె కింద నుంచి తెల్లటి తువ్వాళ్లు దూర్చి, ఇటు ముగ్గురు అటు ముగ్గురు కొసలు పట్టుకుని నడుస్తారు. సగం దారి వచ్చేసరికి ఎంతటి మొనగాడికైనా చేతులు పీకేస్తాయి. సరిగ్గా అక్కడే పాతకాలపు రాతి సిలువ ఉంది. ఉంది అనడమే గానీ మిగిలింది ఏముంది గనక? తల ఎప్పుడో పోయింది. నిలువు కంబాన్ని ఏ తాతల నాడో ఒక రైతు పీక్కుపోయి తన దొడ్డి గేటుకు గుంజగా పాతుకున్నాడు. మిగిలింది కింది దిమ్మ ఒక్కటే. నాలుగడుగుల బూడిదరంగు రాయి, దాని నడిమధ్యన కంబం దిగిన చదరపు గుంట, ఆ గుంటలో ఏడాది పొడుగునా వాన నీళ్లు.

పెట్టెను ఆ దిమ్మ మీద దించాలి. దించి ఒక కీర్తన మొదలునుంచి చివరిదాకా పాడాలి. అప్పుడే మళ్లీ ఎత్తాలి. ఇది ఎవరు పెట్టిన ఆచారమో ఎవరికీ తెలియదు, ఎవరూ తప్పలేదు.

దీనికి తోడు మా ఆడవాళ్లకు మరో నమ్మకం ఉండేది. బాప్తిస్మం లేకుండా పోయిన పసిగుడ్డును సమాధుల దొడ్డిలోకి రానివ్వరు గదా. అలాంటి బిడ్డను ఆ దిమ్మ పక్కన, సూర్యుడు పొడిచే వైపున పెడితే, అక్కడ దిగిన ప్రతి శవానికీ పాడే పాటలో ఆ బిడ్డకూ వాటా దక్కుతుందని. పాదిరులు ఈ మాట వింటే ముక్కు విరుస్తారు. విరవనీ. బిడ్డను పోగొట్టుకున్నది వాళ్లు కాదు.

అందుకే ట్రెవెనిక్‌లో ఎవరు పోయినా కెజియా ట్రెగీర్ అందరికన్నా ముందు తయారయ్యేది. ఇరవై ఏళ్లలో ముప్పై ఒక్క చావులు. తనతో మాటలు లేనివాళ్లు పోయినా వెళ్లింది. తన పెట్టకోడిని మింగి, ఈకలు తన గుమ్మంలోనే దులిపిన హన్నా ముసలమ్మ పోయినప్పుడూ వెళ్లింది. పెట్టె దిమ్మ మీద దిగగానే తూర్పు వైపుకు వెళ్లి నిలబడి, గొంతెత్తి పాడేది. పొరుగూరి చుట్టాలు “ఎవరమ్మా ఆవిడ, పోయినాయనకి ఏమవుతుంది?” అని చెవులు కొరుక్కునేవారు. ఊళ్లోవాళ్లు మాత్రం ఆమెకు ఆ చోటు వదిలి పక్కకు జరిగేవారు.

ఆమె పక్కన నిలబడి ఆమె మొగుడు జేబెజ్ కూడా పాడేవాడు. ఆమె కాళ్ల కింద బిడ్డా లేదు, ఏమీ లేదు అని తెలిసిన మనిషి ఈ లోకంలో అతనొక్కడే.

జేబెజ్ రాళ్లు కొట్టేవాడు. మెట్ట మీద పడి ఉన్న బండను చేత్తో నిమిరి, అది ఎటు చీలుతుందో చెప్పేసేవాడు. చెప్పిన గీత మీద వరసగా బెజ్జాలు వేసి, ఇనప మేకులు దించి, సమ్మెటతో ఒక్కొక్కదాన్నీ తట్టుకుంటూ పోతే, బండ రొట్టె విరిచినట్టు రెండయ్యేది. అలాంటివాణ్ణి ఇరవై రెండేళ్ల కిందట ఒక జనవరి మధ్యాహ్నం రాయి మోసం చేసింది.

బిడ్డ పుట్టింది, ఒక్కసారి ఏడ్చింది, అంతే. మంత్రసాని ఇంకా దారిలోనే ఉంది. నెత్తిన నాలుగు చుక్కల నీళ్లు పోసి ఒక పేరు పిలిచే దిక్కు లేకపోయింది. సమాధుల దొడ్డిలో చోటడిగితే అప్పటి పాదిరి ముసలాయన గుమ్మంలోంచే తల అడ్డంగా ఊపాడు. కెజియాకు ఒళ్లు కాలిపోతోంది. జ్వరంలోనే మొగుడి చొక్కా పట్టుకుని, “సిలువ దగ్గర పెట్టు. తూర్పున. మర్చిపోకు, తూర్పున” అంది. టీ పెట్టె చెక్కలతో చేసిన చిన్న డబ్బాను కోటు లోపల పెట్టుకుని, గునపం తీసుకుని అతను వెళ్లాడు.

తూర్పున గునపం దించాడు. జానెడు లోతున ఖంగుమంది. రెండడుగులు జరిగి దించాడు, ఖంగుమంది. ఉత్తరాన, దక్షిణాన, పడమర, ఎక్కడ దించినా అదే చప్పుడు. దిమ్మ కింద చుట్టూతా ఒకటే చట్టు బండ. బండను చీల్చాలంటే రెండు రోజుల పని, చలికి చేతివేళ్లు మడత పడటం లేదు, పొగమంచు కమ్ముకొస్తోంది. బిడ్డను పైపైన మన్ను కప్పి వదిలేస్తే తెల్లారేసరికి నక్క లాక్కుపోతుంది. మెత్తటి నేల కోసం మెట్ట మీదికి నడిచాడు. నడిచాడు, నడిచాడు. చివరికి తగరం కోసం పాతకాలం వాళ్లు తవ్వి వదిలేసిన గుంత ఒకటి కనపడితే, డబ్బాను అందులో దించి, పైన రాళ్లు పేర్చాడు. గుర్తుగా ఉంటుందని రాళ్లు చీల్చే తన పన్నెండు మేకుల్లో ఒకటి తీసి రాళ్ల మధ్య నిలువుగా కొట్టాడు. అక్కణ్ణుంచి ఇల్లు చేరడానికి ఆ పొగమంచులో దారి తప్పి ఎంతసేపు తిరిగాడో అతనికే తెలియదు.

ఇంటికొచ్చేసరికి కెజియా కళ్లు తెరిచి ఉంది. “పెట్టావా?” అంది.

“పెట్టాను.”

“తూర్పునే?”

“తూర్పునే.”

ఆ రాత్రి ఆమె బతకదని మంత్రసాని చెప్పి ఉంది. చచ్చిపోయే మనిషికి చెప్పిన మాట అది. ఆమె చావలేదు. మూడు వారాలకు కర్ర పట్టుకుని లేచి, తిన్నగా దిమ్మ దగ్గరికి వెళ్లి తూర్పున కూర్చుంది. అతను వెనకే వెళ్లి, ఆమె అక్కడి గడ్డిని చేత్తో దువ్వడం చూశాడు. అప్పుడైనా చెప్పాల్సింది. నోరు రాలేదు.

ముందు ఆ గుంతను వెతికి, తర్వాత చెబుదామనుకున్నాడు. మంచు కరిగాక వెళ్లి చూస్తే మెట్ట మీద అలాంటి గుంతలు వందలు. అన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి, అన్నిటి పక్కనా రాళ్లే. ఇరవై రెండేళ్లు, ఆదివారం ఆదివారం, “రాయి చూసొస్తా” అని చెప్పి మెట్ట ఎక్కేవాడు. ఆ మేకు దొరకలేదు. తుప్పు పట్టి రాలిపోయిందో, ఏ గొర్రెల కాపరో పీక్కుపోయాడో. సంచిలో పదకొండే మిగిలాయి. కెజియా అప్పుడప్పుడూ దెప్పేది: “మీ నాన్న పన్నెండు ఇచ్చిపోతే పదకొండు చేశావు. అదే నేను ఒక గరిటె పారేసుంటే ఊరంతా చాటింపు వేసేవాడివి.” అతను నవ్వేవాడు. ఆ నవ్వు నవ్వడం ఎంత కష్టమో అతనికే తెలుసు.

దిగువన బండ్లు వెళ్లే కొత్త రోడ్డు పడింది. శవాలు గుర్రబ్బండి ఎక్కాయి. పాత దారి ఎవరికీ పట్టలేదు. రెండేళ్లుగా దిమ్మ మీద ఒక్క పెట్టె దిగలేదు. కెజియా ఇంట్లో కూర్చుని, కొత్త రోడ్డున వెళ్తున్న బండి చక్రాల చప్పుడు వింటూ, “దానికి పాట వినిపించి రెండేళ్లయింది” అనేది.

ఆ మార్చిలో కొత్త పాదిరి కార్లయన్ గారు వాళ్ల ఇంటికి వచ్చాడు. చెడ్డవాడు కాడు. చదువుకున్నవాడు, ఎవరింటికెళ్లినా టోపీ తీసి కూర్చునేవాడు. కాకపోతే పాత రాయి కనిపిస్తే ఆయనకు మనుషులు కనిపించరు. సిలువ తల ఒక పందుల కొట్టం గోడలో దొరికిందట. కంబం గేటు దగ్గర దొరికిందట. దిమ్మ కూడా తెచ్చి మూడిటినీ కలిపి చర్చి ఆవరణలో నిలబెడతాడట. చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోతోంది.

“దిమ్మను పగలకుండా లేపగలిగినవాడివి ఈ మెట్ట మీద నువ్వొక్కడివేనటగా ట్రెగీర్. సమాధులు తవ్వే పెథరిక్ చెప్పాడు” అన్నాడు.

కెజియా పొయ్యి దగ్గర్నుంచి ఇటు తిరిగింది. “దిమ్మను సమాధుల దొడ్డిలోకి తీసుకెళ్తారా అయ్యగారూ?”

“అవునమ్మా. గేటు పక్కనే. అందరికీ కనపడేలాగ.”

“మరి నా పిల్లని రానివ్వలేదే. రాయికేమైనా బాప్తిస్మం ఇచ్చారా?”

ఆమె చేతులు తుడుచుకుని, ఎదురుగా నిలబడి, ఉన్నదంతా చెప్పింది. జ్వరం, ముసలి పాదిరి, తూర్పు వైపు, ముప్పై ఒక్క చావులు. చెబుతున్నంతసేపూ జేబెజ్ తన బూట్ల కేసి చూస్తూ కూర్చున్నాడు. ఆమె ముగించాక కార్లయన్ గారు లేచి నిలబడ్డాడు.

“చట్టం మారిందమ్మా. మారకపోయినా నేను ఊరుకునేవాణ్ణి కాదు” అన్నాడు. “ముందు బిడ్డ వస్తుంది. ఆ తర్వాతే రాయి. సిలువ పక్కనే చోటిస్తాను. ప్రార్థన నేనే చదువుతాను. మీ ఊరంతా వచ్చి పాడండి.”

కెజియా బల్ల మీద కూలబడి, ఎప్రాన్‌తో మొహం కప్పుకుంది. కాసేపటికి తీసి మొగుడి వైపు చూసింది. అతని మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అది సంతోషమనుకుంది.

పాదిరి గారు వెళ్లగానే అతను అన్నాడు: “ఎందుకు కెజీ, నిద్రపోతున్న పిల్లని లేపడం? ఇన్నేళ్లయింది. మట్టిలో మట్టయిపోయుంటుంది.”

“మట్టయితే ఆ మట్టే తెచ్చుకుంటాం. అదైనా నాదేగా.”

“ఏమీ దొరక్కపోతే?”

“ఎందుకు దొరకదు? నువ్వే పెట్టావుగా.” ఆమె నవ్వింది. “అంత బెంగ అయితే నేను తవ్వుతాలే. రాళ్లు కొట్టేవాడికి మన్ను తవ్వడం చేతకాదేమో.”

అతను గునపం తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఆ వారం అతను మూడుసార్లు నోరు తెరిచాడు. మొదటిసారి ఆమె అల్లికసూదులు పట్టుకుని, “టోపీ ఎంత పెద్దది అల్లను? పుట్టినప్పటి తలకా, ఇప్పటి తలకా?” అని తనలో తను నవ్వుకుంటోంది. మూసేశాడు. రెండోసారి ఆమె పాడుతోంది. మూడోసారి నేరుగా చర్చికే వెళ్లాడు, పాదిరి గారికి చెబితే ఆయనే ఏదో దారి చూపిస్తాడని. కార్లయన్ గారు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, సిలువ కోసం తవ్వించిన గుంట, దాని పక్కన రెండడుగుల చిన్న గుంట చూపించాడు. చిన్న గుంట అంచులు పెథరిక్ బాబాయి పారతో తీర్చిదిద్దినట్టు చెక్కి ఉంచాడు. జేబెజ్ రెండిటికీ దణ్ణం పెట్టి తిరిగొచ్చాడు.

వచ్చేటప్పుడు మెట్ట మీదుగా వచ్చాడు. నిరుడు చచ్చిన గొర్రెపిల్ల ఎముకలు ఒక గోడ వారన పడి ఉన్నాయి. కాకులు శుభ్రం చేసేశాయి, వాన కడిగేసింది. సన్నటివి ఏరి జేబురుమాల్లో కట్టుకున్నాడు. పుర్రె మాత్రం ముట్టుకోలేదు. అది చూస్తే గుడ్డివాడికైనా తెలిసిపోతుంది. ఏరుతున్నంతసేపూ అతని కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. అయినా చేతులు ఆగలేదు. ఇది పాపమని తెలుసు. కానీ ఇరవై రెండేళ్ల తర్వాత ఆమె ముందు నిలబడి, “నువ్వు దువ్విన గడ్డి కింద ఏమీ లేదు” అనడం ఇంతకన్నా పెద్ద పాపంలా తోచింది. మనిషి ఒకసారి అబద్ధం చెప్పి దాని పక్కన కాపురం పెడితే ఇంతే. దానికి రోజూ తిండి పెట్టాలి.

శనివారం పొద్దున్నే బయల్దేరుతుంటే కెజియా శాలువా కప్పుకుంది.

“నువ్వు వద్దు” అన్నాడు. “పెట్టింది నేను, తీసేదీ నేనే. చూసి తట్టుకోలేవు. ఎనిమిది గంట కొట్టాక రా.”

ఎప్పుడూ మొగుడి మాట ఒక పట్టాన వినని మనిషి, ఆ రోజు మాత్రం సరేనంది.

దిమ్మకు తూర్పున గడ్డిని చాపలా కోసి పక్కకు పెట్టాడు. జానెడు మన్ను గోకాడు. బండ బయటపడింది. తను కుర్రతనంలో గునపంతో కొట్టిన తెల్లటి గాటు ఇంకా దాని మీద అలాగే ఉంది. ఆ గాటు మీద చెయ్యి పెట్టి కాసేపు కూర్చున్నాడు. తర్వాత మన్ను, గడ్డి ఎప్పటిలా సర్ది, తను చేసి తెచ్చిన కొత్త పెట్టెలో మూట పెట్టి, మూత మీద మేకులు కొట్టేశాడు. లేచేసరికి ఆమె దారి మలుపులో ఉంది. ఏడున్నరకే వచ్చేసింది.

“దొరికిందా?”

“దొరికింది.”

“అప్పుడే మేకులు కొట్టేశావే?” ఆమె చేతిలో తెల్లటి ఉన్ని టోపీ ఉంది, గుప్పెట్లో పట్టేంత. “ఇది పెడదామనుకున్నానే.”

“కెజీ, వద్దు...”

“నేను చూడను. ఒట్టు. ఇటు తిరిగి నిలబడతాను. నువ్వే తొడుగు.”

ఆమె నిజంగానే వెనక్కి తిరిగి, మొహాన్ని రెండు చేతులతో మూసుకుంది. అతను మూత లేపాడు. గొర్రెపిల్ల ఎముకల మూట మీద ఆ టోపీని పెట్టాడు. మళ్లీ మేకులు కొడుతుంటే ఒకటి వంకర పోయింది. జీవితంలో అతను వంకరగా కొట్టిన మేకు అదొక్కటే.

“ఎలా ఉంది?” అని అడిగింది ఆమె, తిరక్కుండానే.

“సరిపోయింది” అన్నాడు.

ఊరంతా పాత దారినే వచ్చింది. గొర్రెలు ఈనే కాలం, ఒక్క ఘడియ తీరిక ఉండదు, అయినా అందరూ వచ్చారు. పెట్టె బరువెంత గనక, ఒక్కడు చంకలో పెట్టుకుపోవచ్చు. అయినా ఆరుగురు తువ్వాళ్లు పట్టారు. దిమ్మ మీద దించారు. కెజియా ఈసారి తూర్పున నిలబడలేదు. పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది. పాట అంతా అయ్యేదాకా ఆమె పెదవి విప్పలేదు. మొదటిసారి మిగిలినవాళ్లు ఆమె కోసం పాడారు. జేబెజ్ పాడాడు, గొంతులోంచి ఏమొచ్చిందో అతనికి వినపడలేదు.

సమాధుల దొడ్డిలో పాదిరి గారు మాటిచ్చినట్టే అంతా చదివాడు. బిడ్డకు పేరు కావాలంటే కెజియా, “మెలియోర” అంది. ఇన్నేళ్లుగా ఆ పేరు ఆమె మొగుడికి కూడా చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా అతని చెయ్యి పట్టుకుని నడిచింది. “నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్ని జేబెజ్” అంది. అతనికి ఆ చెయ్యి విడిపించుకుని పారిపోవాలనిపించింది.

సోమవారం దిమ్మ లేపే పని. నలుగురు మగవాళ్లు, రెండు ఎడ్లు, కింద చక్రాలు లేని లాగుడు బండి. పెథరిక్ బాబాయి పారతో చుట్టూ గడ్డి చెక్కాడు. నలభై ఏళ్లుగా సమాధులు తవ్వుతున్న మనిషి, నేలను కాలితో తొక్కి లోతు చెప్పగలడు. చెక్కుతూ చెక్కుతూ తూర్పున ఒకచోట కాలితో తొక్కి, జేబెజ్ వైపు చూశాడు. మళ్లీ చెక్కసాగాడు. జేబెజ్ పలుగు దూర్చి దిమ్మను లేపాడు. కింద మన్ను లేదు. చట్టు బండ మీద చిన్న రాళ్లు సర్ది దిమ్మను కూర్చోబెట్టారు, అంతే. ఇక పావుగంటలో ఎత్తేస్తే అయిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు.

అప్పుడే కెజియా బుట్ట పట్టుకుని వచ్చింది. రమ్మని ఎవరూ అనలేదు. సాయం చేసినవాళ్లకు వేడివేడిగా ఏదైనా పెట్టాలని, తెల్లారుజామునే లేచి పిండిలో మాంసం, ఉర్లగడ్డ కూరి పేస్టీలు కాల్చింది. మా ఇళ్లల్లో అలవాటే, ఎవరిది వాళ్లకు తెలిసేట్టు ప్రతిదానికీ ఒక మూల పేరులోని మొదటి అక్షరం పిండితో అతికించింది.

“ఏం బాబాయ్, ఆ ఎడ్లు లాగుతుంటే నువ్వెందుకు రొప్పుతున్నావు?” అంది పెథరిక్‌తో, హుషారుగా.

“కెజియా, వానొచ్చేలా ఉందమ్మా. బుట్ట అక్కడ పెట్టి ఇంటికెళ్లు” అన్నాడు ముసలాయన.

“వానా? నీ కళ్లు పోయాయా బాబాయ్, ఎండ కాస్తుంటే!”

పాదిరి గారు దిమ్మ లేచిన చోట మోకాళ్ల మీద కూర్చుని, చిన్న పుస్తకంలో కొలతలు రాసుకుంటున్నాడు. ఆమె గొంతు విని సంతోషంగా తలెత్తాడు. “రండమ్మా, చూడండి ఆ కాలం వాళ్ల తెలివి! తిన్నగా బండ మీదే నిలబెట్టారు. చుట్టూ పదడుగుల మేర జానెడుకు మించి మన్ను లేదు. అందుకే ఆరు వందల ఏళ్లైనా అంగుళం కదల్లేదు. ఇక్కడ మనిషన్నవాడు గునపం దించలేడు!”

ఆయన మళ్లీ పుస్తకంలోకి తల దూర్చాడు. ఎడ్లు మెడలు విదిలించాయి. మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కెజియా బుట్ట కింద పెట్టింది. తూర్పు వైపుకు నడిచింది. శనివారం కోసి తిరిగి సర్దిన గడ్డి అక్కడ ఇంకా అతుక్కోలేదు. మోకాళ్ల మీద వంగి, ఆ గడ్డి చాప అంచు ఎత్తి, చెయ్యి మన్నులోకి దించింది. వేళ్లు మొదలంటా దిగి ఆగిపోయాయి. పక్కన దించింది. ఆగిపోయాయి. ఇంకో పక్కన దించింది. ఆ తర్వాత దించలేదు.

లేచి, చేతికంటిన మన్ను ఎప్రాన్‌కు తుడుచుకుంది. బుట్ట విప్పి ఒక్కొక్కరికీ వాళ్ల అక్షరం చూసి పేస్టీ ఇచ్చింది. పెథరిక్ బాబాయికిచ్చింది, పాదిరి గారికిచ్చింది. జేబెజ్‌కు కూడా అతనిది అతనికిచ్చింది. అతను దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. అంత వేడిదాన్ని కింద పెట్టాలని కూడా తోచలేదు.

లాగుడు బండి దిగువకు వెళ్లిపోయాక ఇద్దరే మిగిలారు. కెజియా ఖాళీ బుట్ట చేతికి తగిలించుకుని ముందు నడిచింది, అతను వెనక. మెట్ట విశాలంగా విచ్చుకునే చోట గోడకున్న గేటు దగ్గర ఆమె ఆగింది.

“పెట్టెలో ఏముంది?”

“కెజీ...”

“ఏముందని అడిగాను.”

“గొర్రెపిల్ల ఎముకలు.”

“నా టోపీ?”

“వాటి మీదే పెట్టాను.”

ఆమె గేటు పట్టుకుంది. “ఇప్పుడు నేను నోరు విప్పితే పాదిరి దాన్ని తవ్వి తీసేస్తాడు. విప్పకపోతే నేను చచ్చేదాకా ఊరి ఆడవాళ్లతో కలిసి వెళ్లి గొర్రెకి పూలు పెట్టాలి.”

అతను అంతా చెప్పాడు. గునపం, బండ, పొగమంచు, గుంత, రాళ్లు. ఇరవై రెండేళ్ల ఆదివారాలు. ఆమె మధ్యలో అడ్డురాలేదు. మేకు సంగతి వచ్చినప్పుడు మాత్రం, “ఆ పన్నెండోదా” అంది మెల్లగా.

“నువ్వు చచ్చిపోతావన్నారు కెజీ. అందుకని చెప్పాను. తర్వాత నువ్వు బతికావు.”

“అది నా తప్పా?”

అతను చేతిలో ఇంకా ఉన్న పేస్టీని గోడ మీద పెట్టాడు.

“ముప్పై ఒక్క చావులకి పాడాను. నా పక్కనే నిలబడ్డావు. హన్నా ముసలమ్మ చావప్పుడు నీకు ఒళ్లు తెలీని జ్వరం, అయినా వచ్చి పాడావు. ఎవరికి పాడావు?”

“నీకోసం.”

“నాకెందుకు? నేను బతికే ఉన్నానుగా.” ఆమె ఖాళీ బుట్ట కింద పెట్టింది. “ఊబిలో పెట్టానని చెప్పుంటే ఊబి దగ్గరికెళ్లి పాడేదాన్ని. ఎక్కడో తెలీదని చెప్పుంటే ఈ మెట్టంతా తిరుగుతూ పాడేదాన్ని. ఏదో ఒకటి దానికి వినపడేది. ఒక్కసారే ఏడ్చింది జేబెజ్ అది. మనం ఉన్నామో లేమో కూడా తెలీకుండా ఒక్కతే పడి ఉంది ఇన్నేళ్లూ. నేను ఉత్త బండకి పాడాను.”

అతను చెయ్యి చాపబోయాడు. ఆమె దూరం జరగలేదు, దగ్గరికీ రాలేదు. గేటు గడియ తీసి మెట్ట వైపు నిలబడింది.

“ఎటు వెళ్లావు?” అంది. “ఆ రోజు. దిమ్మ దగ్గర్నుంచి ఎటు? చూపించు.”

ఎదురుగా మెట్ట ఎండలో కొసకంటా పరుచుకుని ఉంది. గుంతలు, రాళ్లు, గొర్రెలు, మళ్లీ గుంతలు. జేబెజ్ చెయ్యి ఎత్తాడు. తట్టి చూడకుండానే బండ ఎటు చీలుతుందో చూపించగలిగిన చెయ్యి అది. గుట్ట వైపు చూపబోయాడు. కాదనిపించి వాగు వైపు తిప్పాడు. అదీ కాదనిపించింది. చెయ్యి లేచింది లేచినట్టే గాలిలో ఉండిపోయింది. అది ఎక్కడైనా ఆగుతుందేమోనని, కెజియా దాని కేసే చూస్తూ నిలబడింది.